ఏ పద్దు కింద? కర్నూలులో ఒక అపార్ట్‌మెంట్ ఫైర్ సేఫ్టీ కేసు

ఈ కేసు రాస్తానంటే అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు ఒక్కటే అడిగారు. చదివినవాళ్లకు ఇది ఫలానా బిల్డింగ్ అని తెలియకూడదన్నారు. అందుకే పేరు, కాలనీ, కచ్చితమైన తేదీలు ఇవ్వడం లేదు. భవనం ఆనవాళ్లు కొన్ని మార్చాను. జరిగిన క్రమం, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, నేను ఎక్కడ పొరబడ్డాను అన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

నేను కర్నూలులో ఎలక్ట్రికల్, ఫైర్ సేఫ్టీ ఆడిట్లు చేస్తుంటాను. ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు తరచూ పిలుస్తుంటాయి, వాళ్లకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అవసరం కాబట్టి. అపార్ట్‌మెంట్ల వాళ్లు పిలిచారంటే మాత్రం అప్పటికే ఏదో జరిగి ఉంటుంది.

ఇది స్టిల్ట్ ప్లస్ ఐదు, అంటే కింద పార్కింగు, పైన ఐదంతస్తులు. ముప్పై ఫ్లాట్లు. 2013లో అప్పగించారు. ఒకే మెట్ల దారి, పక్కన లిఫ్టు. మెట్ల కింద జాగా ఊరికే పోకూడదని మీటర్లన్నీ అక్కడే బిగించారు. వాటి చుట్టూ స్కూటర్లు, బైకులు. మన ఊళ్లో ఇలాంటివి వీధికి రెండు మూడు కనిపిస్తాయి.

మన రాష్ట్రంలో నివాస భవనం ఎత్తు 18 మీటర్లు, ఆపైన ఉంటే ఫైర్ ఎన్‌ఓసీ తీసుకోవాలి. స్టిల్ట్ ప్లస్ ఐదు అంటే ఆ గీతకు కాస్త కిందే ఆగుతుంది. కాగితం మీద ఇదీ అంతే. తర్వాత ఒకాయన టెర్రస్ మీద రెండు గదులు వేసుకుని, బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను పెనాల్టీతో క్రమబద్ధీకరించే పథకం) వచ్చినప్పుడు పెనాల్టీ కట్టాడు. గదులకు కాగితం వచ్చింది. టెర్రస్‌లో సగం జాగా మాత్రం ఆ గోడల లోపలికి పోయింది.

ఆ రాత్రి

మే నెల. కర్నూలు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి కూడా ప్రతి ఫ్లాటులో ఏసీ నడుస్తోంది. మీటర్ల గదిలో న్యూట్రల్ జాయింటు అంటుకుంది. అల్యూమినియం కేబుల్‌ని రాగి బస్‌బార్‌కి (కరెంటు పంచే పట్టీకి) మామూలు లగ్గుతో (కేబుల్ కొసకు తొడిగే బిగింపుతో) బిగించారు. ఆ రెండు లోహాలూ వేడికి ఒకేలా సాగవు. పదేళ్లుగా పగలూ రాత్రీ వేడెక్కి, చల్లారి, నట్టు వదులైంది.

వాచ్‌మన్ మెయిన్ ఆపేయాలని పరుగెత్తాడు. మెయిన్ స్విచ్చు ఆ గదిలోనే ఉంది. పొగలో కాలు పెట్టలేకపోయాడు. బకెట్‌తో నీళ్లు కొట్టబోతే భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె లాగి ఉండకపోతే ఈ కేసు ఒక చావుతో మొదలయ్యేది. లైన్‌మన్ వచ్చి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీసేదాకా కరెంటు ఆగలేదు.

ఫైరింజన్ త్వరగానే వచ్చింది కానీ గేటు దాకా రాలేకపోయింది. డ్రైనేజీ కాలువ మీద వేసిన బండలు ఆ బరువు ఆపేలా లేవు. పైన కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు తలకు తగిలేంత కిందికి వేలాడుతున్నాయి. సిబ్బంది సందు మొదట్లో బండి ఆపి హోస్ మోసుకొచ్చారు.

మంట మీటర్ల గది దాటలేదు. పొగ ఐదంతస్తులూ ఎక్కింది. పై అంతస్తుల వాళ్లు కిందికి దిగలేక టెర్రస్ వైపు పరుగెత్తారు. అక్కడ గ్రిల్లుకు తాళం. ఒక చెవి పై గదుల్లో అద్దెకున్నవాళ్ల దగ్గర ఉంది, వాళ్లు సెలవులకు ఊరెళ్లారు. రెండోది రెండో అంతస్తులో ప్రెసిడెంటు గారి దగ్గర, అంటే పొగకు అవతల. ఐదో అంతస్తు ఆయనొకరు ఇంట్లోంచి ఖాళీ గ్యాస్ సిలిండర్ తెచ్చి దాంతో తాళం పగలగొట్టాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక పాపను, ఆస్తమా ఉన్న ఒక పెద్దావిడను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

నేను మూడో రోజు వెళ్లాను. కమిటీ వాళ్లు అప్పటికే పెయింటర్‌ని పిలిపించారు. ఒక్క పూట ఆగమని, టేపు తీసుకుని మెట్లెక్కాను. మొదటి అంతస్తులో మసి గీత ఆరడుగుల పైన ఉంది. మూడో అంతస్తులో నడుం దాకా దిగింది. ఐదో అంతస్తులో గీతే లేదు, సీలింగు నుంచి నేల దాకా గోడంతా నలుపే. గ్రిల్లు పక్కన గోడ మీద అరచేతుల గుర్తులు. పెద్దవాళ్లవి భుజం ఎత్తులో ఉన్నాయి. ఒకటి మాత్రం నా మోకాలికి కాస్త పైన ఉంది, నాలుగైదేళ్ల పిల్లది.

ఈ కేసులో తర్వాత నేను తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ గోడ నుంచే వచ్చాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఎలక్ట్రిక్ బైకుల దగ్గర మంటలు రేగి 8 మంది చనిపోయారు. అక్కడా పొగ మెట్ల మీదుగానే పైకి పోయింది. తలుపు లేని మీటర్ల గది కింద, తాళం వేసిన గ్రిల్లు పైన ఉంటే, మధ్యలో ఉన్న మెట్ల దారి పొగగొట్టమే అవుతుంది.

మొదట చేసినవి

ముందు నా పొరపాటు చెప్పాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో నాలుగో భాగం ఫైర్ సేఫ్టీ గురించి. అది ముందు పెట్టుకుని, ఈ ఎత్తు భవనానికి ఏమేం ఉండాలో అన్నీ కలిపి ఒకే ఎస్టిమేట్ ఇచ్చాను. టెర్రస్ ట్యాంకు నుంచి అంతస్తులకు నీళ్లు దించే డౌన్‌కమర్ పైపు, టెర్రస్ పంపు, 25,000 లీటర్ల ట్యాంకు, అలారం, కొత్త ప్యానెల్. మొత్తం 27 లక్షలు. సాంకేతికంగా అందులో తప్పు లేదు. కానీ ఫ్లాటుకు 90,000 అని వినగానే మీటింగులో అందరి చూపూ ఒక్క ప్రశ్న మీదికి పోయింది. "ఇంత డబ్బు మనమే పెట్టాలా? గవర్నమెంటు ఏమీ ఇయ్యదా?"

ఆ ఆశ ఉత్తది కాదు. ఐదో అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు గారి అబ్బాయి ఇంగ్లండులో ఉన్నాడు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం 2020లో వంద కోట్ల పౌండ్లతో బిల్డింగ్ సేఫ్టీ ఫండ్ పెట్టింది, మరుసటి ఏడాది ఇంకో 350 కోట్ల పౌండ్లు ప్రకటించింది. 18 మీటర్లు దాటిన భవనాల గోడలకు అంటించిన మండే క్లాడింగ్ (పైతొడుగు పలకలు) తీసి మార్చడానికి ఆ డబ్బు. "అక్కడా 18 మీటర్లేనంట సార్, మన లెక్కే" అన్నారాయన. నిజమే. అయితే ఆ ఫండ్ క్లాడింగ్‌కే. తలుపులు, లోపలి పొగ అడ్డుగోడలు వంటి మిగతా లోపాలకు అది వర్తించలేదు. పైగా ఫండ్ ఎదురుచూపుల్లో చాలా భవనాల వాళ్లు రాత్రంతా మనుషులను కాపలా తిప్పుతూ ఆ ఖర్చు తామే మోశారు. ఇది చెప్పాను. వినడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ స్థితిలో ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను.

తర్వాత సెక్రటరీ గారు ఒక పేపరు కటింగు తెచ్చారు. అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 5,000 కోట్లు ఇస్తోందని. 2023 జూలైలో కేంద్ర హోం శాఖ మొదలుపెట్టిన పథకం అది, 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మీద వచ్చింది. అందులో మనలాంటి రాష్ట్రాలు 25 శాతం తమ వాటా వేసుకోవాలి. ఆ డబ్బు ఫైర్ స్టేషన్లకు, బండ్లకు, పరికరాలకు, శిక్షణకు పోతుంది. ప్రైవేటు భవనం లోపలికి రాదు. ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల స్థానికాభివృద్ధి నిధుల సంగతీ అడిగారు. అవి ప్రజలందరికీ పనికొచ్చే ఆస్తులకే కానీ సొంత ఫ్లాట్లకు కాదు.

అయినా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాం. "మా అపార్ట్‌మెంట్ ఫైర్ సేఫ్టీ మరమ్మతులకు నిధులు మంజూరు చేయగలరు" అని. అది రెండు ఆఫీసులు తిరిగి ఒక అధికారి ముందుకు చేరింది. ఆయన మర్యాదగానే అడిగాడు. "ఇవ్వాలనే ఉంది సార్. ఏ పద్దు కింద రాయమంటారు?" మా ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటికి నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆ నాలుగు నెలలూ కాలిన ప్యానెల్ తాత్కాలిక జాయింట్లతోనే నడిచింది. రాత్రి ఫోన్ మోగితే ఆ బిల్డింగ్ నుంచేనేమో అనిపించేది నాకు.

బిల్డరు దారి ఎక్కువసేపు పట్టలేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాలు బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. ఈ భవనం రెరా కంటే ముందే పూర్తయింది, ఐదేళ్లూ దాటాయి. లాయరు ఒక్క మాటలో తేల్చేశారు.

ఈలోపు కమిటీ తన డబ్బుతో పది ఎక్స్‌టింగ్విషర్లు కొని తగిలించింది. చూస్తే, మీటర్ల గదికి ఉద్దేశించినది మీటర్ల గది లోపలే ఉంది. మంట అక్కడే వస్తే దాన్ని తీసేదెవరు? వాడటం ఎవరికీ నేర్పలేదు. డబ్బులు పెట్టాం కదా అనే ధైర్యం మాత్రం మిగిలింది. ఆ ధైర్యం ప్రమాదకరం.

లెక్క తిరగేయడం

నా ఎస్టిమేట్ చింపేసి మళ్లీ రాశాను. ఈసారి కోడ్ పుస్తకం బదులు ఒక ప్రశ్న ముందు పెట్టుకున్నాను. ఆ రాత్రి ఏది ఉండి ఉంటే గోడ మీద ఆ చిన్న చెయ్యి పడేది కాదు? దానికి జవాబయ్యే పనులు ముందు, మిగతావి తర్వాత. ముందు చేయాల్సిన వాటిలో సగానికి డబ్బు అవసరమే లేదు.

గ్రిల్లు తాళం మొదటిది. దొంగలొస్తారని పెద్ద గొడవైంది. వాళ్ల భయం అబద్ధం కాదు, పక్క బిల్డింగుల్లో దొంగతనాలు జరిగాయి. అందుకే తాళం తీసేయమనలేదు, మార్చమన్నాను. మెట్ల వైపు నుంచి చెవి లేకుండా తెరుచుకునే గడియ, టెర్రస్ వైపు నుంచి మాత్రం తాళం. రాత్రి పదకొండు తర్వాత తీస్తే హూటరు మోగుతుంది. రెండోది మెట్ల కిటికీలు. పావురాలొస్తున్నాయని ప్రతి మలుపు దగ్గరా అద్దాలు బిగించేశారు. పొగ బయటికి పోవాలంటే ప్రతి ల్యాండింగ్ దగ్గర కనీసం 0.5 చదరపు మీటరు ఖాళీ ఉండాలి. అద్దాలు తీయించి వల కట్టించాం. మూడోది మీటర్ల గది చుట్టూ రెండు మీటర్ల దాకా బండ్లు లేకుండా పసుపు గీత. చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు మెట్ల మీద నుంచి తీయించడానికే ఎక్కువ రోజులు పట్టింది. "ఇన్నేండ్లు ఉన్నాయి, ఏమైందిప్పా?" అని ఒకాయన నా మీద కోప్పడ్డారు. జవాబుగా ఆయన్ని ఐదో అంతస్తుకు తీసుకెళ్లాను. అప్పటికి అంతా రంగు వేశారు కానీ గ్రిల్లు పక్క గోడ అలాగే ఉంచమని నేను అడిగి ఉన్నాను. మరుసటి రోజు ఆయన స్టాండు లేదు.

డబ్బు పెట్టాల్సినవాటిలో హోస్ పైపుల కంటే మీటర్ల గదే ముందు అన్నాను. కొందరికి ఇది వింతగా తోచింది, ఫైర్ సేఫ్టీ అంటే ఎర్ర పైపులే గుర్తొస్తాయి కాబట్టి. కరెంటు ఆగనిదే ఎవరూ నీళ్లు కొట్టకూడదు. ఆ రాత్రి పైపు ఉండి ఉంటే వాచ్‌మన్ బకెట్ బదులు పైపు పట్టుకునేవాడు, అంతే. మెయిన్ స్విచ్చు గది బయటికి, గేటు దగ్గరికి తెచ్చాం. అల్యూమినియానికీ రాగికీ మధ్య, రెండు లోహాలూ కలిపి చేసిన బైమెటల్ లగ్గులు వేశాం. మంటకు దారితీసే లీకేజీని పసిగట్టి ఆపేసే 300 మిల్లీయాంపుల రక్షణ పెట్టాం. గదికి దానంతట అది మూసుకునే ఇనుప తలుపు వచ్చింది. కేబుళ్లు పైకెళ్లే డక్టును ప్రతి అంతస్తు దగ్గరా మంటను ఆపే సీలెంటుతో మూశాం. మీటర్ల సీళ్లు విద్యుత్ శాఖవి కాబట్టి వాళ్ల సమక్షంలోనే విప్పాలి, ఆ తేదీలు కుదరడానికి నెల పైన పట్టింది. మొత్తం 6.9 లక్షలు.

ఈ డబ్బు ఎలా పంచాలన్నది ఇంకో పంచాయితీ. కింది అంతస్తుల వాళ్లు "పొగ మాకు రాలేదు గదా" అన్నారు. ఇంటికింత అంటే చిన్న ఫ్లాట్ల వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి సేల్ డీడ్‌లో ఉన్న అడుగులను బట్టి, అడుగుకు 20 రూపాయలని జనరల్ బాడీలో తీర్మానం అయింది. 1,050 అడుగుల ఫ్లాటుకు 21,000. పన్నెండు వాయిదాల్లో నెలకు 1,750. మెయింటెనెన్స్‌తో కలపకుండా వేరే ఖాతా తెరిచి ఇద్దరి సంతకాలు పెట్టాం, ప్రతి బిల్లూ నోటీసు బోర్డు మీద అంటించాం. 90,000 అంటే నోరు మూసుకున్నవాళ్లే 1,750 అంటే ముందుకొచ్చారు. బెంగళూరులో, అమెరికాలో ఉన్న ఓనర్లకు మసి గీతల ఫొటోలు పంపాం. ముప్పై మందిలో ఇరవై ఏడుగురు కట్టారు.

గోడ బయట

ప్రభుత్వం డబ్బు అసలు రాలేదా అంటే వచ్చింది. మేం అడిగిన చోటికి కాదు, అడగని చోటికి.

రెండోసారి అర్జీ రాసేటప్పుడు "నిధులు" అనే మాటే వాడలేదు. "మా సందులోకి ఫైరింజన్ రావడం లేదు. కాలువ మీద బండలు బలహీనంగా ఉన్నాయి, వైర్లు కిందికి వేలాడుతున్నాయి. సందులో ఇన్ని కుటుంబాలున్నాయి" అని రాశాం. బండి ఆగిపోయిన చోటు ఫొటో, ఆ రాత్రి వచ్చిన ఫైర్ సిబ్బంది ఇచ్చిన లేఖ జతచేశాం. సందులోని మిగతా ఇళ్లవాళ్ల సంతకాలు కూడా తీసుకున్నాం. వార్డు సచివాలయంలోనే దానికి దారి దొరికింది. కాలువ, రోడ్డు, వైర్లు నగరపాలక సంస్థ పనులే, వాటికి పద్దు ఉంది. నాలుగు నెలల్లో ఆర్‌సీసీ శ్లాబు పడింది. వైర్లు పైకి ఎత్తి కట్టారు. సందు మొత్తానికీ అది పనికొచ్చింది. ముందే ఇలా రాసుంటే నెలల ముందే అయ్యేది.

ప్రభుత్వం నుంచి ఉచితంగా వచ్చింది ఇంకొకటి ఉంది, శిక్షణ. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944లో అదే రోజు బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన సిబ్బంది జ్ఞాపకంగా. ఆ వారంలో రమ్మని అడిగితే స్టేషన్ నుంచి వచ్చి మాక్ డ్రిల్ చేయించారు. కొత్త శ్లాబు మీదుగా బండి గేటు దాకా వచ్చింది. కింద పార్కింగులో డ్రమ్ములో మంట పెట్టి ఆడవాళ్ల చేత, వాచ్‌మన్ భార్య చేత కూడా ఎక్స్‌టింగ్విషర్ కొట్టించారు. ఆస్తమా ఉన్న ఐదో అంతస్తు అవ్వ దిగనంటే దిగనంది. "నేను యాడికీ పోను నాయనా, తలుపేసుకుంటా" అంది. ఫైర్ ఆఫీసరు ఆమె మాట కొట్టిపారేయలేదు. మెట్ల నిండా పొగ ఉంటే అదే మంచిదని చెప్పి, తలుపు కింద తడి గుడ్డ ఎలా కుక్కాలో, బాల్కనీలో నిలబడి ఎలా పిలవాలో దగ్గరుండి చూపించాడు. నేను నా ప్లానులో ఆమె కోసం ఏమీ రాయలేదు. ఆ రోజు రాసుకున్నాను.

నేను నేర్చుకున్నవి

పూర్తి ఎస్టిమేట్ ముందే ఇవ్వడం మానేశాను. ఇప్పుడు మూడు కాగితాలు ఇస్తాను. ఈ వారం చేసేవి, ఈ ఏడాది చేసేవి, కోడ్ ప్రకారం చివరికి చేరాల్సినవి. నిధుల కోసం తిరగడం తప్పని నేను అనను. మొదటి కాగితం పనులు అయ్యాకే తిరగమంటాను.

ఎత్తు విషయంలో కమిటీ వాళ్లు నన్ను ఒక మాట అడిగారు. టెర్రస్ గదులు కలిపితే 18 దాటుతుంది, ఆ కొలత రిపోర్టులో రాయొద్దన్నారు. లేనిపోని టెన్షన్ అని వాళ్ల భయం. రాశాను. అది తెలియకపోతే రేపు ఎవరైనా ఈ భవనానికి తక్కువ రక్షణ చాలనుకుంటారు. రెండు నెలలు నాతో ఇద్దరు మాట్లాడలేదు.

ఇక ఒక కోరిక. 2013లో అప్పగించాక ఈ భవనం మెట్లను, మీటర్ల గదిని ఏ అధికారీ, ఏ బిల్డరూ మళ్లీ చూడలేదు. ఇలాంటివి రాయలసీమ పట్టణాల నిండా ఉన్నాయి. ఉచితంగా ఇవ్వక్కర్లేదు, సొంత ఇల్లు బాగుచేసుకునే బాధ్యత ఓనర్లదే. కానీ అపార్ట్‌మెంట్ సంఘానికి బ్యాంకులో అప్పు పుట్టడం ఎంత కష్టమో దగ్గరగా చూశాను. ఆస్తిపన్ను ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం తగ్గిస్తున్నారు. మీటర్ల గది, మెట్ల దారి బాగుచేసుకున్న భవనానికీ అలాంటి తగ్గింపు ఒకటి, వాయిదాల్లో తీర్చే చిన్న అప్పు ఒకటి ఉంటే చాలు. ఆ అధికారి అడిగిన పద్దు అదే కావాలి.

ఇప్పటి పరిస్థితి

ప్రతి ల్యాండింగ్‌లో హోస్ రీల్, చిన్న పంపు, అలారం బిగించాం, 4.2 లక్షలైంది. నీటికి ఉన్న ట్యాంకునే వాడుతున్నాం. ఇళ్లకు పోయే పైపును ట్యాంకులో పై ఎత్తుకు మార్చాం, అడుగున ఉన్న నీళ్లు ఎప్పుడూ మంట కోసమే మిగులుతాయి. కోడ్ అడిగే 25,000 లీటర్లంటే టెర్రస్ మీద అదనంగా 25 టన్నులు. స్తంభాలు మోస్తాయని స్ట్రక్చరల్ ఇంజినీరు రాసివ్వనిదే ఆ ట్యాంకు పెట్టనివ్వనని చెప్పాను. అనువైన జాగా పై గదుల వెనక గోడకు ఆనుకుని ఉంది.

డబ్బు కట్టని ముగ్గురిలో ఆ గదుల ఓనరు ఒకరు. పోయిన వారం ఫోన్ చేశారు. వచ్చే గురువారం స్తంభాలకు కోర్ టెస్టు (కాంక్రీటు ముక్క తీసి బలం చూసే పరీక్ష) చేసేవాళ్లు వస్తున్నారు. వాళ్లకు తలుపు తీసి చూపిస్తానన్నారు.